సిందూరం కింది ముద్ర

పాలవంక రేవులో పడవ కట్టేశారు. తెల్లవారినప్పటి నుంచీ వంశధార ఎర్రగా పొంగుతోంది. నీరు తీసేదాకా అవతలి ఒడ్డుకు ఎవరినీ దించేది లేదని చెప్పి పడవవాడు గొడుగు వేసుకుని వెళ్లిపోయాడు. విజయనగరంలో గాజు సామాన్ల కొట్టు నడుపుకునే నరసింగరావు వెనక్కి తిరిగి, మళ్లీ ఆ మేడ మెట్లే ఎక్కవలసి వచ్చింది.

పాలవంక జమీందారుల మేడ అది. అందులోని పాత పింగాణీ సామాను కొంటానని కలకత్తా షావుకారు ఒకాయన కబురు పెట్టాడు. ఏది ఏ కంపెనీది, ఏ కాలంది, ఏది అసలు, ఏది నకలు అన్నది తేల్చమని నరసింగరావును పంపాడు. ఇదంతా నిజమే. నరసింగరావు ఈ ఇంట్లో దాచిపెట్టింది ఒకే ఒక్క సంగతి. ముప్పైయెనిమిదో సంవత్సరంలో ఈ మేడలోనే పెద్ద దొర సూర్యనారాయణకు టీలో విషం పెట్టి పారిపోయాడని ఈ ప్రాంతమంతా ఇప్పటికీ శాపనార్థాలు పెట్టే బట్లరు అప్పలసూరి, అతని కన్నతండ్రి.

అప్పలసూరి చావలేదు. ఆ రోజు కళింగపట్నంలో ఓడ ఎక్కి బర్మాలోని రంగం పోయాడు. యుద్ధంలో బాంబులు పడితే కొండలూ అడవులూ నడిచి తిరిగొచ్చాడు. కొడుకు కొట్టు వెనక గదిలో వేరే పేరుతో కప్పులు తుడుచుకుంటూ బతుకుతున్నాడు. వీధిలో వాళ్లకు అతను రంగం తాత. అంతకు మించి ఎవరికీ తెలియదు. ఈ మధ్య మంచం పట్టాక మాత్రం ముసలాయనకు ఒకటే పట్టుదల.

"ఒరే, నాను నా పేరుతోనే సావాలిరా. పాలవంకలో మా అమ్మని కాల్సిన సోటే నన్నూ కాల్సాల. ఇలా దొంగపేరుతో ఈ పట్నంలో తగలెట్టకు."

దొరను చంపినవాడి శవాన్ని ఆ ఊరి పొలిమేర దాటనిస్తారా? అందుకే నరసింగరావు వచ్చాడు. అతను చూడవలసింది ఒక్క కప్పు. దాని అడుగు.

పాలవంక మేడలో ఒక పట్టింపు ఉండేది. ఇత్తడి గిన్నెకు ఎంగిలి అంటితే చింతపండు పెట్టి తోమితే పోతుంది. పింగాణీకి అంటితే ఇక పోదు. అందుకని ఇంగ్లీషు సీమ నుంచి తెప్పించిన నీలం తీగల కప్పుల్లో ఇంటివాళ్లకు ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి. పైకి అన్నీ ఒకటే. గుర్తంతా అడుగున ఉండేది. బిందెల మీద పేర్లు కొట్టే మనిషిని పిలిపించి, వజ్రపు మొనతో చుక్కలు చుక్కలుగా కొట్టించేవారు. పెద్ద దొరకు అరసవల్లి సూర్యుడు. తమ్ముడు జగన్నాధానికి పూరీ జగన్నాథుడి గుండ్రటి కళ్లు. ప్రాణం పోయినా ఒకరి కప్పులో ఒకరు తాగేవారు కాదు.

తండ్రి చెప్పిన మాటలు నరసింగరావుకు అక్షరం అక్షరం గుర్తున్నాయి.

"పెద్ద దొర కప్పు నా బీరువాలో ఉంటాది. తాళం నా మొలకే. నానే కడిగి, నానే తుడిసి, టీ పోసి ఇద్దరన్నదమ్ముల ముందరా పెట్టినాను. మళ్లీ వొచ్చీసరికి దొర నేల మీద ఉన్నాడు. సేతి పక్కన కప్పు. అలవాటు పోదు కదా, తీసి అడుగు సూసినాను. సూర్యుడు లేడురా. రెండు కళ్లు నన్నే సూస్తన్నాయి! సిన్న దొర నా సేతిలోంచి ఆ కప్పు లాగీసుకుని, బట్లరు సంపీసినాడు, బట్లరు సంపీసినాడని అరిసినాడు. ఆ తోపులాటలో పళ్లెం మీదున్న సూర్యుడి కప్పు ముక్కలైపోయినాది."

అంటే తమ్ముడు తన కప్పులోనే విషం కలిపి, అన్న చూడకుండా కప్పులు మార్చేశాడు. పైకి రెండూ ఒకటే కదా! దొర తాగి చచ్చిన కప్పు తిరగేస్తే చాలు, హంతకుడు ఎవరో అదే చెబుతుంది. కాని ఆ కప్పును జగన్నాధం గాజు పెట్టెలో పెట్టి, లక్కతో మూసి, అన్నగారి పటం కింద చలువరాతి దిమ్మ మీద పెట్టించాడు. ఏటేటా రథసప్తమికి ఆ పెట్టెకు సిందూరం పూస్తారు. ఊరి వాళ్లు వచ్చి దణ్ణం పెట్టుకుని, పోతూ పోతూ అప్పలసూరిని తిట్టుకుంటారు.

ఇప్పుడు ఆ గాజు పెట్టె ముందే నిలబడి ఉన్నాడు నరసింగరావు.

*

వెనకే పోతురాజు. జగన్నాధానికి కుడిభుజం. తలుపుకు సరిపడా మనిషి, చేతిలో ఇనుప పొన్ను వేసిన కర్ర. పొద్దుటి నుంచీ నరసింగరావును నీడలా అంటిపెట్టుకుని ఉన్నాడు.

"ఇంత సిన్న కప్పులో తాగితే గొంతు తడుస్తాదేటి బాబూ?" అన్నాడు నవ్వుతూ. "మా ఇంటిదాని పసుపు బరిణి ఇంతకన్నా పెద్దది."

"దొరల గొంతులు చిన్నవి పోతురాజూ."

"పెద్ద దొరది మరీ సిన్నదైపోనాది పాపం. ఒక్క గుక్కకే ఆగిపోయినాది."

తన హాస్యానికి తనే పగలబడి నవ్వాడు. అంతలో రేవు నుంచి ఎవరో కేకేశారు. గొడ్ల శాలలోకి నీళ్లు వస్తున్నాయట. పోతురాజు తిట్టుకుంటూ కదిలాడు. పోతూ పోతూ, మూల కూర్చుని ప్రమిదలు తుడుస్తున్న ముసలి పనిమనిషిని హెచ్చరించాడు. "ఓలే దాలమ్మా, ఈ బాబు ఏటీ ముట్టుకోకుండా సూడు."

అతని అడుగుల చప్పుడు వానలో కలిసిపోయింది. దాలమ్మ తలెత్తి నరసింగరావు ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ప్రమిద కింద పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది.

నరసింగరావుకు అంతే చాలు. ఏనాటి లక్కో, వేలు పెడితే పొరలు పొరలుగా రాలిపోయింది. పెట్టె మూత లేచింది. కప్పును రెండు చేతులా తీశాడు.

పాత పింగాణీని తలకిందులు చెయ్యకూడదన్నది తండ్రి నేర్పిన మొదటి పాఠం. ఎక్కడ అతుకుందో, ఏ పిడి ఊడి చేతికొస్తుందో తెలియదు. జేబులోంచి పిడి ఉన్న చిన్న అద్దం తీసి కప్పు కింద పెట్టాడు. అద్దంలో తిరగబడ్డ అక్షరాలు చదవడం అతనికి పేపరు చదివినంత సులువు.

అద్దాన్ని వెలుతురు వైపు వంచాడు.

సూర్యుడు.

అడుగు అంచు వెంబడి చుక్కలు చుక్కలుగా, కిరణాలతో సహా, శుభ్రంగా అరసవల్లి సూర్యుడు! కళ్లు లేవు. కళ్ల జాడ కూడా లేదు.

తండ్రి అబద్ధం చెప్పాడా? ఇన్నేళ్లూ తలుపు చాటున బతికిన మనిషి, అర్ధరాత్రి లేచి కూర్చుని "నాను సెయ్యలేదురా" అని ఏడ్చిన మనిషి, కన్నకొడుకుకు కథ చెప్పాడా? ఒక్క క్షణం దాన్ని పెట్టెలో పెట్టేసి, మూత వేసేసి, పొంగే ఏటినైనా ఈదుకుని పోదామనిపించింది.

కాని చేతులు బుర్ర కంటే ముందే పని మొదలుపెట్టాయి. అలవాటు కొద్దీ గోరు కప్పు అంచు మీద మోగించింది. రెండు దెబ్బలు, ఆగి, ఒక దెబ్బ.

టక్ టక్... టక్.

నరసింగరావు కనుబొమలు ముడిపడ్డాయి. పొద్దున్న బీరువాలోని కప్పుల్ని ఇలాగే వాయించాడు. అవి గుడిగంటల్లా మోగి, చెవిలో సన్నగా తీగ సాగాయి. ఇది పెంకులా పలికింది. బీటువారితే అలా పలకవచ్చు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పట్టాడు. బీట లేదు. కాని లోపల పెట్టిన వేళ్ల నీడ కూడా బయటికి కనిపించలేదు. అసలు సీమ పింగాణీ అయితే మబ్బు వెలుతురులోనైనా వేళ్లు లెక్కపెట్టవచ్చు.

మళ్లీ అద్దం పెట్టాడు. సూర్యుడి చుక్కలు తెల్లగా మెరుస్తున్నాయి. డెబ్భై ఎనభై ఏళ్ల కిందట కొట్టిన చుక్కల్లో మురికి చేరి నల్లబడాలి. బీరువాలోని శంఖం గుర్తు, మురళి గుర్తు అలాగే నల్లగా ఉన్నాయి. ఇక, అడుగు సరిగ్గా మధ్యలో, కంపెనీ ముద్ర ఉండవలసిన చోట మందంగా సిందూరం.

పూజకు పూసే సిందూరం పెట్టె ముందుభాగాన పూస్తారు. కప్పు అడుగున ఎవరు పూస్తారు?

బొటనవేలితో రుద్దాడు. నూనెలో కలిపిన సిందూరం కొంచెం కొంచెంగా జారి, కింద నీలం రంగు అక్షరాలు తేలాయి. బీరువాలోని కప్పులకు ఉన్న డైమండు ఆకారం ముద్ర కాదిది. రెండే వరుసలు.

మేడిన్ ఆక్యుపైడ్ జపాన్.

ఈ ముద్ర అతనికి బాగా తెలుసు. యుద్ధంలో ఓడిపోయాక, జపాను అమెరికా సైన్యం చేతికింద ఉన్న ఆ కొద్ది ఏళ్లలో, అక్కడి నుంచి ఎగుమతయ్యే సామాను మీద వేసిన ముద్ర అది. విశాఖపట్నం ఓడరేవులో అలాంటి కప్పులు గోనెసంచుల్లో దిగేవి. సీమ డిజైన్లకు అచ్చం నకళ్లు.

జపాను ఓడింది నలభై అయిదులో.

పెద్ద దొర చచ్చింది ముప్పై ఎనిమిదిలో.

అప్పటికి పుట్టని కప్పులో దొర టీ ఎలా తాగాడు?

సంగతంతా ఒక్కసారి కళ్లకు కట్టింది. జగన్నాధం మొదట అసలు కప్పునే పెట్టెలో పెట్టాడు. దణ్ణాలు పెట్టేవాడు కప్పు తిరగెయ్యడు గదా అని ధీమా. ఏళ్లు గడిచాక ఎవడో ఒకడు తిరగేస్తాడేమోనన్న భయం పట్టుకుంది. అసలుది తీసేసి, ఈ జపాను కప్పుకు సూర్యుణ్ణి కొట్టించి పెట్టాడు. జపాను ముద్రను గీకేస్తే గరుకు తెలుస్తుంది. సిందూరం పూస్తే, దేవుడి సొమ్ములా, ఎవరూ తుడిచే సాహసం చెయ్యరు. పాలవంకలో పుట్టినవాడెవడూ చెయ్యడు. పరదేశంలో బతికొచ్చినవాడి కొడుకు చేశాడు.

"నాన్న అబద్ధం చెప్పలేదు." ఆ మాట పైకే అనేశాడు.

మూల నుంచి దాలమ్మ వీపు ఒక్కసారి కదిలింది.

అదే సమయంలో పక్కగది నుంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. ఠక్... ఠక్... నరసింగరావు కప్పు పెట్టెలో పెట్టి మూత దించాడు. బొటనవేలు పంచెకు రుద్దుకున్నాడు. తలుపు తెరుచుకుంది.

*

జగన్నాధం గారికి డెబ్భై దాటాయి. తెల్లటి పంచె, తెల్లటి లాల్చీ. రెండు కళ్లకూ శుక్లాలు వచ్చి, మసి పట్టిన లాంతరు చిమ్నీల్లా ఉన్నాయి. అయినా కుర్చీ వెతుక్కోకుండా సరాసరి వచ్చి కూర్చున్నాడు.

"ఏటయ్యా విజయనగరం, తేలిందా మా సామాను జాతకం?"

"తేలిందండి. బీరువాలో కప్పులు అసలు సిసలు సీమ సరుకు. పద్దెనిమిది వందల ఎనభై మూడుకు ముందువి. ఆ తర్వాత ఆ డైమండు ముద్ర వెయ్యడం మానేశారు."

"ముద్ర సూసి పుట్టిన ఏడు సెప్పీస్తావన్నమాట. మా పురోహితుడి కన్నా నయమే."

"సెట్టులో ఒకటి మాత్రం తగ్గిందండి."

"నాది. ఎప్పుడో పగిలిపోయింది." ముసలాయన తన కళ్ల వైపు వేలు చూపించుకుని నవ్వాడు. "నా గుర్తు కళ్లు. ఇప్పుడు అవీ లేవు, ఇవీ లేవు."

నరసింగరావు కూడా నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

"చెయ్యి ఇలాగియ్యి," అన్నాడు జగన్నాధం. "పింగాణీ పట్టేవాళ్ల చేతులు ఆడపిల్లల చేతుల్లా మెత్తగా ఉంటాయంటారు. సూడనీ."

ఇవ్వక తప్పలేదు. ఆ ముసలి వేళ్లు అతని అరచేతిని తడిమాయి. బొటనవేలి దగ్గర ఆగాయి. ఆ వేలిని మెల్లగా పైకెత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నువ్వుల నూనె," అన్నాడు తాపీగా. "సిందూరం. హనుమంతుడి గుడికెళ్లొచ్చావేటి?"

"అవునండి. పొద్దున్న వస్తూ వస్తూ..."

"మా ఊళ్లో హనుమంతుడి గుడి లేదు."

బయట వాన ఒక్కసారి ఉధృతమైంది. జగన్నాధం వేలు వదల్లేదు.

"మా అన్న కప్పు ముట్టుకున్నావు. తప్పులేదు. నీ పని అదే గదా. ఏం తేల్చావో సెప్పు."

నిజం చెబితే ప్రాణం నిలవదు. నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. "అది కూడా అసలుదేనండి."

"వాయించి సూసినావా?"

"చూశానండి."

"ఎలా మోగినాది?"

"గంటలా మోగిందండి."

ముసలాయన అతని చెయ్యి మెత్తగా వదిలేశాడు.

"గుడ్డోణ్ణి గాని చెవిటోణ్ణి కాను బాబూ. గోడ అవతలే కూర్చున్నాను. అది పెంకులా పలికింది. పెంకని తెలిసీ గంట అన్నావంటే, దాని అడుగేదో నువ్వు చదివేశావన్నమాట." కర్ర పిడి మీద రెండు చేతులూ ఆనించాడు. "అది సరే. నువ్వు వాయించిన తీరుంది సూడు... రెండు దెబ్బలు, ఆగి, ఒక దెబ్బ. ఆ వాయింపు ఈ ఇంట్లో రోజూ వినేవాణ్ణి. కప్పు కడిగి అలా వాయించుకుంటే గాని బీరువాలో పెట్టేవాడు కాదు ఒకడు. ముప్పయ్యేళ్లయింది విని."

నరసింగరావు జేబులోని అద్దాన్ని ఇంకా లోపలికి తోశాడు.

"అప్పలసూరి బతికే ఉన్నాడన్నమాట," అన్నాడు జగన్నాధం. అది ప్రశ్న కాదు. "ఎక్కడున్నాడు? విజయనగరంలోనా? నీ కొట్టులోనేనా?"

"నాకు తెలీదండి. ఆ పేరే వినలేదు."

"మీ నాన్నా ఇంతే. అబద్ధం ఆడడం చేతకాక పారిపోయాడు." తల తిప్పి పిలిచాడు. "పోతురాజూ!"

గుమ్మంలో పోతురాజు. తడిసి ముద్దయి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో!

"చుట్టానికి టీ ఇవ్వలేదు మనం. మర్యాద కాదు. దాలమ్మ చేత పెట్టించు. నువ్వు దగ్గరుండి, నా మందు సీసా కూడా పట్టుకెళ్లు."

పోతురాజు ముఖంలో నవ్వు లేదు. దాలమ్మను ముందు నడిపించుకుని వెళ్లాడు. వెళ్తూ బయట నుంచి గొళ్లెం పెట్టాడు.

*

ఆ కాసేపూ జగన్నాధం వాన గురించి మాట్లాడాడు. వరి నారు కుళ్లిపోతుందన్నాడు. కిందటిసారి ఏరు ఇలా వచ్చినప్పుడు కొట్టుకుపోయిన మనుషుల శవాలు కళింగపట్నం దగ్గర సముద్రంలో తేలాయన్నాడు. "ఎవరు ఎలా చచ్చారో ఎవరడుగుతారు? ఏరు పొంగినాది అంటారు, అంతే."

నరసింగరావు కిటికీ చూశాడు. ఇనుప ఊచలు.

గొళ్లెం తీసిన చప్పుడు. దాలమ్మ పళ్లెం పట్టుకుని వచ్చింది. వెనక పోతురాజు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. పళ్లెంలో టీ కప్పు. ఆమె పోతురాజు వైపు వీపు పెట్టి, నరసింగరావు ముందు వంగి పళ్లెం దించింది.

ఈ ఇంట్లో పై మనుషులకు మొద్దు తెల్ల కప్పులు. పొద్దున్న అతనికి అందులోనే ఇచ్చారు. ఇది పలచటి కప్పు. నీలం తీగలు. అంచున బంగారు గీత. ఆ గీతలో ఒకచోట గోరంత పెచ్చు ఊడి ఉంది.

నరసింగరావు దాలమ్మ ముఖంలోకి చూశాడు. ముడతల మధ్య నుంచి ఆమె కళ్లు అతని జేబు వైపు, అద్దం ఉన్న జేబు వైపు తిరిగాయి. పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. తాగకు.

"తాగు," అన్నాడు జగన్నాధం. "సల్లారిపోతాది."

నరసింగరావు కప్పును సాసరు మీంచి కొంచెం ఎత్తాడు. రెండో చేత్తో అద్దం తీసి కింద పెట్టాడు. వాన చెమ్మకు అద్దం మసకబారింది. పంచె కొసతో తుడిచి మళ్లీ పెట్టాడు.

డైమండు ఆకారం ముద్ర. దాని చుట్టూ నల్లగా మురికి పట్టిన చుక్కలు. చుక్కల వరుస గుండ్రంగా తిరిగి ఒక వలయం, దాని పక్కనే మరొకటి, ఒక్కొక్కదాని నడుమా ఒక పెద్ద చుక్క.

రెండు కళ్లు అద్దంలోంచి రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తున్నాయి.

అద్దాన్ని ఇంకాస్త దగ్గరికి జరిపాడు. అద్దం అంచు కప్పుకు తగిలింది.

ణంగ్...

సన్నటి, తియ్యటి చప్పుడు. గది నాలుగు మూలలా తిరిగి, వానలో కూడా వినిపిస్తూ, తీగలా సాగి సాగి ఆగింది.

జగన్నాధం కుర్చీలోంచి సగం లేచాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. గుడ్డి కళ్లు దాలమ్మ ఉన్న దిక్కుకు తిరిగాయి.

"దాలమ్మా," అన్నాడు. "బీరువా తాళం నా మొలనే ఉంది. నా కళ్ల కప్పు పగలగొట్టి ఏట్లో పారేశానని సెప్పినావు నువ్వు."

దాలమ్మ నడుం నిటారు చేసుకుంది. "సెప్పినాను బాబూ. పారెయ్యలేదు. బియ్యం కుండలో పెట్టుకున్నాను. సూరిగాడు సెయ్యలేదని నాకు ఆ పొద్దే తెలుసు. అడగడానికి ఎవులైనా వొస్తారని సూస్తన్నాను."

టీ మీంచి ఆవిరి నెమ్మదిగా లేస్తోంది. జగన్నాధం మళ్లీ కుర్చీలో వెనక్కి వాలాడు. మెల్లగా, చాలా మెల్లగా, పోయిన నవ్వు పెదవుల మీదికి తిరిగి వచ్చింది.

"పోతురాజూ, గొళ్లెం లోపల నుంచి వెయ్యి. ఏరు ఈ పూట ఒక్క శవాన్ని మొయ్యడానికైనా, రెండు మొయ్యడానికైనా పొంగే ఉంది." కర్ర కొనతో టీ కప్పు ఉన్న వైపు చూపించాడు. "కప్పు ఒక్కటే. మీరు ఇద్దరున్నారు. ముందు ఎవరు తాగుతారో మీలో మీరే తేల్చుకోండి."